పద్నాలుగు నెలలు మార్కు చూడలేదు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంది. పేరు, ఊరు, చదువు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. రాశాక చదివి వినిపిస్తే రెండు చోట్ల సరిచేయించింది. ఇక్కడ ఆమెను సరిత అంటాను.

నేపథ్యం

సరితకు 28 ఏళ్లు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పీజీ అయ్యాక హైదరాబాద్ వచ్చి, అశోక్‌నగర్‌లో నలుగురు ఉండే హాస్టల్ గదిలో చేరింది. నాన్న లేడు. ఊళ్లో మూడెకరాలు చూసుకునే అన్న నెలనెలా డబ్బులు పంపుతాడు. లక్ష్యం గ్రూప్-2, అందులోనూ నాయబ్ తహసీల్దారు పోస్టు.

ఆ సంవత్సరాలు ఎలా గడిచాయో తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. 783 పోస్టులతో నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు. అది నవంబర్‌కు, తర్వాత 2024 జనవరికి, ఆ తర్వాత ఆగస్టుకు వాయిదా పడింది. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో నాలుగు పేపర్లు, 600 మార్కులకు రాయించారు. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే లైన్‌లో నిలబడే పిల్లలకు తేదీ అనేది వాతావరణం లాంటిదైపోయింది. వస్తే వచ్చినట్టు, లేదంటే లేదు.

నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చింది 2024 ఫిబ్రవరిలో, జనవరి తేదీ కూడా పోయాక.

ఆమె చెప్పిన సమస్య

నిద్ర లేదు, తలనొప్పి, పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడుతున్నాయి. ఇవన్నీ ఆమె పక్కన పెట్టి చెప్పింది. అసలు ఫిర్యాదు వేరే. "నేను ఆరు నెలల సంది మేనిఫెస్ట్ చేస్తున్న మేడమ్. ఏం వస్తలేదు. నా లోపల ఎక్కడనో బ్లాక్ ఉంది. అది తీసేయుండ్రి."

మేనిఫెస్ట్ చేయడం అంటే, కోరుకున్నది దొరికేసినట్టే గట్టిగా నమ్మి ఊహించుకుంటే అది నిజమవుతుందన్న సాధన. బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి చూపించింది. 369 పద్ధతి. పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి తొమ్మిదిసార్లు ఒకే వాక్యం: "నేను నాయబ్ తహసీల్దారుగా నియామక పత్రం అందుకున్నాను." రోజుకు పద్దెనిమిదిసార్లు. ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ అయిపోయి రెండోది నడుస్తోంది. రాత ముత్యాల్లా ఉంది, ఎక్కడా కొట్టివేత లేదు. ఇంకు ఆకుపచ్చది. ఎందుకని అడిగితే సిగ్గుపడింది. గెజిటెడ్ ఆఫీసర్లు ఆ రంగుతో సంతకం పెడతారు కదా, ఇప్పటి నుంచే చేతికి అలవాటు కావాలని ఏదో వీడియోలో చెప్పారట. నాయబ్ తహసీల్దారుకు ఆకుపచ్చ పెన్ను రావాలంటే ఇంకో ప్రమోషన్ పట్టొచ్చని నాకు నోటిదాకా వచ్చింది. అనలేదు.

కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్కోరు 13 వచ్చింది, అంటే మధ్యస్థాయి కుంగుబాటు. చనిపోవాలనే ఆలోచనలు ఉన్నాయా అని కాగితం మీదే కాక నోటితోనూ అడిగాను. లేవంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, ఫిజీషియన్ ఐరన్ మాత్రలు రాశారు. సైకియాట్రిస్టు చూసి, మందులు అప్పుడే అక్కర్లేదు, రెండు నెలలు గమనిద్దాం అన్నారు. లక్ష్యాల గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషికి రక్తపరీక్ష ఎందుకని కొందరు నవ్వుతారు. హాస్టల్ అన్నంతో నాలుగేళ్లు గడిపిన అమ్మాయి మధ్యాహ్నం కునుకు తీస్తోందంటే, ముందు రక్తం చూడాలి, తర్వాత మనసు.

మొదటి తప్పు నాదే

మొదటి మూడు సెషన్లలో నేను చేసింది వాదన. అప్పట్లో దాన్ని సైకో ఎడ్యుకేషన్, అంటే సమస్య గురించి క్లయింటుకు తెలియజెప్పడం, అనుకున్నాను.

మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియేల ఎటింగెన్ పని గురించి చెప్పాను. 1991లో ఆమె, థామస్ వాడెన్ కలిసి బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళలను ఏడాది పాటు గమనించారు. "నేను తగ్గగలను" అని అంచనా వేసుకున్నవాళ్లు బాగా తగ్గారు. కానీ తగ్గిపోయి అందంగా నడుస్తున్నట్టు తీయగా ఊహించుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే పది కిలోలకు పైగా తక్కువ తగ్గారు. అంచనా వేరు, ఊహ వేరు. 2011లో ఆమె, హెదర్ కాపెస్ కలిసి చేసిన ప్రయోగాల్లో అలాంటి ఊహ తర్వాత మనుషుల్లో చురుకు తగ్గింది, రక్తపోటు కొలతలోనూ అది కనిపించింది. దొరికేసినట్టు ఊహిస్తే ఒళ్లు దొరికేసినట్టే సేదతీరుతుంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ప్రచురించిన అధ్యయనం కూడా ముందు పెట్టాను. మేనిఫెస్టేషన్‌ను బలంగా నమ్మేవాళ్లు తాము ఇప్పటికే విజయవంతులమని ఎక్కువగా అనుకుంటారు, రిస్కు పెట్టుబడుల వైపు మొగ్గుతారు, దివాలా తీసిన అనుభవం కూడా వాళ్లలోనే ఎక్కువ.

అన్నీ నిజాలే. సరిత బుద్ధిగా తలూపింది. తర్వాతి శనివారం రాలేదు. సాయంత్రం వాట్సాప్‌లో ఒక వాక్యం వచ్చింది: "మీ దగ్గరికి వచ్చినాక నా వైబ్రేషన్ తగ్గింది మేడమ్."

చదివి ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. నేను ఆమె చేతికర్ర లాక్కున్నాను. దానికి బదులు ఏమీ ఇవ్వలేదు. మానవశాస్త్రవేత్త మలినౌస్కీ ట్రోబ్రియాండ్ దీవుల జాలర్ల గురించి రాసింది ఎప్పుడో చదివి మర్చిపోయాను, అది అప్పుడు గుర్తొచ్చింది. లోపలి మడుగులో, చేప ఖాయంగా పడే చోట, వాళ్లకు మంత్రతంత్రాలు లేవు. ప్రాణానికి, పట్టుకు రెండింటికీ భరోసా లేని నడిసముద్రపు వేటకే ఆ తంతంతా. పరీక్ష తేదీ మూడుసార్లు మారిన అమ్మాయి నడిసముద్రంలో ఉంది. ఆమె నోట్‌బుక్ అజ్ఞానం కాదు, తెడ్డు దొరకని చోట పట్టుకున్న తాడు. మరి ఆ రాత మొదలైంది ఎప్పుడు? 2023 ఆగస్టులో, మొదటిసారి తేదీ వాయిదా పడిన వారంలోనే.

మూడు వారాలకు తనే తిరిగి వచ్చింది. నిద్ర మళ్లీ పోయింది. "నేను తొందరపడ్డాను, నీ రాతను తీసిపారేసినట్టు మాట్లాడాను" అని చెప్పాను. తనను "నువ్వు" అని పిలవమని ఆ రోజు తనే అడిగింది.

రెండోది టైమ్‌టేబుల్

ఫలితాన్ని ఊహించడం మానిపించలేకపోతే, ఊహను పని మీదికి మళ్లిద్దాం అనుకున్నాను. దీనికి ఆధారం ఉంది. లియన్ ఫామ్, షెల్లీ టేలర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు రోజూ కొన్ని నిమిషాలు తాము చదువుతున్న తీరును కళ్ల ముందుకు తెచ్చుకున్న విద్యార్థులు ఎక్కువ చదివారు, మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. మంచి మార్కు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్లకు ఆ లాభం రాలేదు.

కాబట్టి రోజు ఎలా గడవాలో రాసుకురమ్మన్నాను. మరుసటి వారం డ్రాయింగ్ షీటు చుట్టి తెచ్చింది. నాలుగు రంగులు. పేపర్-1కి నీలం, చరిత్ర, పాలిటీల పేపర్‌కు ఎరుపు, ఎకానమీకి నారింజ, తెలంగాణ ఉద్యమం పేపర్‌కు గులాబీ. స్కేలుతో గీసిన గళ్లు. అది గీయడానికి రెండు రోజులు పట్టింది. నడిచింది నాలుగు రోజులు.

నేను మళ్లీ ఒకటి గమనించలేదు. ఆ చార్టు కూడా నోట్‌బుక్ ఇచ్చే తీపినే ఇచ్చింది. గదిలో వాళ్లంతా చూసి మెచ్చుకున్నారు. అప్పటికే ఆమెను హాస్టల్లో "నాయబ్ మేడమ్" అని పిలుస్తున్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ బృందం 2009లో న్యాయశాస్త్ర విద్యార్థులతో చేసిన ప్రయోగం ఒకటుంది. మంచి న్యాయవాది కావాలన్న తమ సంకల్పాన్ని ఇంకొకరు గుర్తించిన విద్యార్థులు, ఎవరూ పట్టించుకోనివాళ్లకంటే తక్కువ సేపు పని చేశారు. ఎదుటివాళ్ల కళ్లలో ఆ మనిషి అయిపోతే, నిజంగా అవ్వాల్సిన తొందర తగ్గుతుంది. సరితకు హాస్టల్ మెట్ల మీదే పోస్టింగ్ వచ్చేసింది.

ఇంకో లోపం కూడా ఉంది. ఆ చార్టులో ఎక్కడా అడ్డంకి లేదు. రంగుల గళ్లలో కునుకు లేదు, ఇంటినుంచి ఫోన్ లేదు, భయం లేదు. ఫలితాన్ని ఊహించినంత శుభ్రంగానే ఆమె పనినీ ఊహించుకుంది.

అరవై నాలుగు శాతం చార్జింగ్

ఏడో సెషన్, మే నెల చివర. ఏం మాట్లాడాలో నాకూ తోచడం లేదు. మాటల మధ్యలో అడిగాను: "ఈ మధ్య మాక్ టెస్టుల్లో ఎంతెంత వస్తున్నాయి?"

ఆమె గోడ గడియారం వైపు చూసింది. "మంచిగనే వస్తున్నయి మేడమ్."

"పోయిన టెస్టులో?"

కాసేపటికి చెప్పింది. 40 టెస్టుల సిరీస్ కొని రెండే రాసింది. రెండోదాంట్లో 150కి 71. అది 2023 మార్చి. అప్పటినుంచి పద్నాలుగు నెలలుగా ఒక్క టెస్టూ రాయలేదు. అన్నకు మాత్రం నూట పది దాటుతున్నాయని చెబుతోంది.

అప్పుడు నేను చేసిన పని ముందే అనుకున్నది కాదు. యాప్ తెరిచి, ఇక్కడే ఒక టెస్టు మొదలుపెట్టమన్నాను. పాతిక ప్రశ్నలు చాలు. ఆమె ఫోన్ తీసింది, యాప్ తెరిచింది. బొటనవేలు తెర మీదికి వెళ్లి అంగుళం పైన ఆగింది. వేలు వెనక్కి తీసుకుని దుపట్టాకు తుడుచుకుంది. నీళ్లు తాగింది. మళ్లీ వేలు తెచ్చింది. తర్వాత ఫోన్ బోర్లా పెట్టేసి, "చార్జింగ్ తక్కువుంది మేడమ్" అంది. బోర్లా పెట్టేముందు నాకు కనిపించింది, 64 శాతం.

నేనేమీ అనలేదు. ఒక నిమిషం గడిచాక తనే నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. "తక్కువ మార్కులు వస్తే డౌట్ వస్తది. డౌట్ వస్తే ఇన్ని రోజులు రాసిందంత పోతది. మళ్ల మొదటికెల్లి రాయాలె."

కేసు అక్కడ తెరుచుకుంది. నేను అప్పటిదాకా ఊహల తీపితో పోరాడుతున్నాను. ఇక్కడ చేటు చేసింది తీపి కాదు, అనుమానం మీద ఉన్న నిషేధం. మేనిఫెస్టేషన్ వీడియోల్లో అందరూ చెప్పే షరతు ఒకటే: సందేహం రాకూడదు, వస్తే పని చేయదు. ఆ షరతును నిజాయితీగా పాటించే మనిషి ఏ కొలతకూ దగ్గరికి పోలేడు. మాక్ టెస్టు అంటేనే సందేహాన్ని పిలిచి కూర్చోబెట్టడం.

అయితే తేదీలు చూడండి. టెస్టులు మానింది 2023 మార్చిలో, రాత మొదలైంది ఆగస్టులో. భయం ముందు వచ్చింది, పద్ధతి తర్వాత వచ్చి దానికి గౌరవమైన పేరు పెట్టింది. "భయమేసి రాయట్లేదు" అనడం సిగ్గు. "నెగెటివ్ ఎనర్జీ వద్దు" అనడం సాధన. రాతను మాన్పించినా మార్కు చూడని అలవాటు మిగిలే ఉండేదన్నమాట. అందుకే ఆ నోట్‌బుక్ జోలికి పోకూడదని ఆ రోజు నిర్ణయించుకున్నాను.

నానమ్మ రామకోటి

మరో నిర్ణయం నోట్‌బుక్‌తో ఏం చేయాలన్నది. ఇందులో దారి చూపింది సరితే. మాటల్లో నానమ్మ ప్రస్తావన వచ్చింది. ఆమె రోజూ దీపం పెట్టాక రామకోటి రాసేది. "నానమ్మ రాముణ్ని ఏం అడిగేది?" అన్నాను. సరిత ఆలోచించింది. "ఏం అడగలే. రాసినంక పొలం పోయేది."

సరిత కూడా చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చింది, కోరిక తీరితే నూట ఎనిమిది బాకీ. ఆ మొక్కు గురించి ఆమెకు ఏ టెన్షనూ లేదు. అనుమానం వచ్చినంత మాత్రాన దేవుడు ఫైల్ మూసేయడు. ఉద్యోగం రాకపోతే "ఆయనకు ఇష్టం లేదు" అని నిట్టూర్చడానికైనా చోటుంది. 369లో ఆ చోటు లేదు. రాకపోతే నేరం రాసినవాడి ఆలోచనదే. మొక్కుకీ దీనికీ ఉన్న ఈ తేడా నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు, సరిత కేసులోనే అర్థమైంది.

ఒప్పందం ఇలా కుదిరింది. పొద్దున మూడు వాక్యాలు రామకోటిలా రాస్తుంది, ఏమీ అడగకుండా, మనసు కుదురు కోసం. మధ్యాహ్నం ఆరు తీసేస్తుంది. రాత్రి తొమ్మిది వాక్యాల చోట ఆ రోజు తప్పు చేసిన తొమ్మిది ప్రశ్నలు. మొదట్లో తొమ్మిది దొరికేవి కావు, టెస్టే రాయదు కదా.

పనిచేసింది

ఎటింగెన్ తీర్చిదిద్దిన పద్ధతికి వూప్ అని పేరు. కోరిక, అది తీరితే కలిగే మంచి, లోపలి అడ్డంకి, ఆ అడ్డంకికి పథకం, ఈ వరసలోనే. వరస ముఖ్యం. ముందు తీపి, వెంటనే అడ్డంకి. రెండూ పక్కపక్కన నిలబడితేనే మధ్య దూరం కనబడుతుంది. మొదటి రెండు అంగలూ సరితకు వెన్నతో పెట్టిన విద్య. మూడోది చిక్కు. మొదటిసారి "పరీక్ష వాయిదాలు" అని రాసింది. రెండోసారి "హాస్టల్లో గోల." అవి బయటివి. మూడోసారి పెన్సిల్‌తో, చిన్న అక్షరాలతో రాసింది: "మార్కు చూడాలంటే భయం."

నాలుగో అంగ గోల్విట్జర్ చెప్పిన "ఒకవేళ ఇలా అయితే, అలా చేస్తాను" అనే పథకం. సంకల్పం ఎంత గట్టిదైనా ఆ క్షణంలో గుర్తుకు రాదు. ఫలానా గుర్తు కనబడితే ఫలానా పని అని ముందే ముడి వేసుకుంటే, అప్పుడు ఆలోచించే అవసరం తగ్గుతుంది. సరిత పథకం: "సబ్మిట్ బటన్ మీద వేలు ఆగితే, ఐదు లెక్కపెట్టి నొక్కుతాను."

దాన్ని ఒక్కసారే పూర్తి టెస్టుకు వాడలేదు. మెట్లు వేశాం. మొదటి వారం పాతిక ప్రశ్నలు కాగితం మీద, దిద్దేది రూమ్మేట్, మార్కు చెప్పకూడదు, తప్పైన ప్రశ్నల నంబర్లు మాత్రం చెప్పాలి. రెండో వారం మార్కు కూడా. నాలుగో వారం 150 ప్రశ్నలు, లైబ్రరీలో, మంగళవారం పొద్దున్నే. ప్రతిసారీ రాయకముందు ఎంత వస్తుందనుకుంటున్నావో రాయాలి. ఆ పూర్తి టెస్టుకు 45 అని రాసుకుంది. 66 వచ్చాయి.

ఊహించినదానికంటే ఎక్కువే కానీ, పోయిన ఏడాది 71 కంటే ఐదు తక్కువ. ఆ శనివారం మొహం మాడ్చుకుని వచ్చింది. నాకూ లోపల గుబులుగానే ఉంది, మళ్లీ పోతుందేమోనని. "రాత్రి ఏం చేశావు?" అన్నాను. "తిన్న. తొమ్మిది తప్పులు రాసిన. పండుకున్న. మళ్ల లేచిన." తను చెప్పడం ఆపి నావైపు చూసింది. పద్నాలుగు నెలలు ఏ ఉపద్రవాన్ని తప్పించుకు తిరిగిందో, అది వచ్చి పోయింది, అన్నం కూడా తిన్నది.

తప్పుల నోట్‌బుక్ వల్ల ఒక సంగతి బయటపడింది. సగానికి పైగా తప్పులు ఎకానమీ పేపర్‌వి. రంగుల చార్టులో ఎకానమీకి అన్నింటికంటే తక్కువ గళ్లు ఉన్నాయి. ఇష్టమైన ఉద్యమ చరిత్రను నాలుగోసారి చదువుతోంది.

అన్నను ఒకసారి పిలిపించాం. 110 అబద్ధమని తనే చెప్పింది. అతను చాలాసేపు కిందికి చూస్తూ కూర్చుని, "చెల్లె, నాకు మార్కులు కాదు, ఇంకెన్నేండ్లో చెప్తే చాలు, పత్తి అమ్మేది ఆ లెక్కన చూసుకుంట" అన్నాడు. అక్కడికక్కడే గడువు రాసుకున్నారు. ఈ పరీక్ష, ఆపైన ఇంకొక్కటి. ఆ తర్వాత ఉద్యోగం చేసుకుంటూనే ఏదైనా. నేను ఆ మాట ఎత్తడానికి రెండు నెలలు జంకాను. వాళ్లు ఇరవై నిమిషాల్లో తేల్చేశారు.

నవంబర్ నాటికి మాక్ మార్కులు 84కూ 96కూ మధ్య ఆడుతున్నాయి. పీహెచ్‌క్యూ స్కోరు 5. డిసెంబర్‌లో నాలుగు పేపర్లూ రాసింది. 2025 మార్చిలో ఫలితాలొచ్చాయి. పోస్టు వచ్చేంత ర్యాంకు రాలేదు. ఫోన్ చేసి, ఏడుస్తూనే పేపర్‌వారీగా మార్కులు చదివి వినిపించింది, ఎకానమీలో ఎంత పెరిగిందో కూడా. ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ ఇంకో పరీక్షకు చదువుతోంది. పొద్దున మూడు వాక్యాలు ఇంకా రాస్తుందట.

నేను మార్చుకున్నవి

ఒకటి, క్లయింటు నమ్మకాన్ని కొట్టేయడానికి పరిశోధనలు వాడటం మానేశాను. ఎటింగెన్ అధ్యయనం సరితకు మళ్లీ చెప్పాను, ఆగస్టులో, తను అడిగాక. అప్పుడు బాగా నవ్వింది.

రెండు, పద్ధతి పేరు చూసి బెదరడం లేదు. అఫర్మేషన్లు, విజన్ బోర్డు, ముడుపు, ఏదైనా కానీ. అది కొలతను అడ్డుకుంటోందా లేదా అని చూస్తాను. అడ్డుకోకపోతే దాని మానాన దాన్ని వదిలేస్తాను.

మూడు, ఏడో సెషన్‌లో అనుకోకుండా అడిగిన ప్రశ్న ఇప్పుడు మొదటి రోజు నింపే ఫారంలోనే ఉంది: "మీ లక్ష్యానికి సంబంధించిన అంకె చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు?" పరీక్షవాళ్లకు మార్కు, షుగర్ ఉన్నవాళ్లకు రీడింగు, వ్యాపారం పెట్టినవాళ్లకు బ్యాంకు బ్యాలెన్సు. పోయిన వారం వచ్చినాయన ఫారమంతా నింపి ఆ గడి ఒక్కటీ ఖాళీగా వదిలేశాడు. అక్కడే మొదలుపెట్టాం.